గంట తాత చెప్పిన కప్ప పాఠం

గాజు సీసాలోంచి తప్పించుకున్న కప్ప ఒక్క గెంతులో బల్ల మీద నుంచి కిటికీ ఎక్కి కూర్చుంది. పిల్లలు కేరింతలు కొట్టారు.

“సార్, ఇంత చిన్న కప్ప అంతెత్తు ఎలా ఎగిరింది?” ముందు బెంచీ పిల్ల అడిగింది.

“తొడల్లో బలం. రాసుకోండి,” అన్నాడు సైన్సు మాస్టారు.

హాజరు పుస్తకం కోసం వచ్చిన ముసలి అటెండరు గుమ్మంలోనే ఆగాడు. పిల్లలు ఆయన్ని గంట తాత అంటారు.

“బలమొక్కటే కాదు సార్. ఎగరబోయే ముందు ఓ క్షణం బిగదీసుకుని కూర్చుంటుంది చూడండి. లోపల నరం లాగి పెట్టుకుంటుంది. షట్టరు స్ప్రింగు మాదిరి.”

ఈ బళ్లోకి రాకముందు ఇరవై ఏళ్లు దుకాణాలకు ఇనప షట్టర్లు బిగించిన మనిషి. జారిన స్ప్రింగొకటి ఆయన చూపుడువేలు పట్టుకుపోయింది.

మాస్టారికి చిర్రెత్తింది. “అయితే రేపట్నుంచి పాఠం నువ్వు చెప్పు, గంట నేను కొడతా!”

క్లాసు గొల్లుమంది. తాత కూడా నవ్వినట్టే నవ్వి, పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తన మాటే నెగ్గుతుందని సాయంత్రం మాస్టారు లైబ్రరీలో లావుపాటి పుస్తకం తీశాడు. కాలు కదలకముందే కండ బిగుసుకుని, తనను ఎముకకు కట్టి ఉంచిన స్నాయుబంధనాన్ని, అదే తాత చెప్పిన నరాన్ని, సాగదీస్తుందట. అది ఒక్కసారిగా వెనక్కి లాక్కుంటే కప్ప గాల్లోకి లేస్తుందట. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు బోర్డు మీద ఆ ముక్కే రాశాడు. “నిన్నటిది కొట్టేసి, ఇది రాసుకోండి.”

“నిన్న తాత చెప్పిందే కదా సార్?” అంది ముందు బెంచీ పిల్ల.

మాస్టారి చెవులు వేడెక్కాయి. సుద్దముక్క అక్కడ పడేసి వరండాలోకి నడిచాడు. తాత సుత్తి పట్టుకుని గడియారం వంక చూస్తున్నాడు.

“అది ఇటివ్వండి. మీరెళ్లి పిల్లలకి చెప్పండి.”

“ఊరుకోండి సార్. సరదాకన్న మాట...”

“సరదాకి అనలేదు. మిమ్మల్ని చిన్నబుచ్చాలనే అన్నాను.”

తాత ఆయన ముఖంలోకి చూడలేదు. సుత్తి చేతికిచ్చి, “ఇంకో పది నిమిషాలుంది. మూడే కొట్టండి,” అని లోపలికెళ్లాడు.

“కప్పకి తొందరుండదమ్మా...” తాత గొంతు వినబడుతోంది. అటు చెవి పడేసిన మాస్టారు టైమవగానే లెక్క తప్పి నాలుగు కొట్టాడు. గదిగదికీ తలలు బయటికొచ్చాయి.

“ఎవరయ్యా అది?” పెద్ద టీచరమ్మ గొంతు.

“నా పొరపాటేనమ్మా!” తాత గుమ్మంలోంచి కేకేశాడు.

మాస్టారికి ఊరుకోవాలనిపించింది. అయినా సుత్తి పైకెత్తి చూపించాడు. “కాదండీ. నేనే కొట్టాను.”