సుద్దముక్కల్లో ఉప్పు

1968 వేసవి మొదట్లో, కోటబొమ్మాళికి తూర్పున ఉన్న ఉప్పుమళ్ళలో దానమ్మను దొంగ అన్నారు. యాభై యేళ్ళ బతుకులో ఆమెనెవరూ అంతమాట అనలేదు.

సముద్రపు నీరు ఎండి ఉప్పు కట్టకముందు, మడి అడుగున తెల్లటి పెచ్చు ఒకటి పేరుకుంటుంది. తాతలనాటి నుంచి దాన్ని గీకి గట్లమీద పారేసేవారు. రెండేళ్ళ కిందట ఒక షావుకారు వచ్చి, అది జిప్సం అనీ, కాల్చి పొడి చేస్తే బడులకు సుద్దముక్కలు చేయవచ్చనీ చెప్పి, మళ్ళ పక్కనే చిన్న మిల్లు పెట్టాడు. ఏ మడిలో పెచ్చు మందంగా కడుతుందో, ఎక్కడ బురద కలిసి వస్తుందో అతనికి ఎండలో తిప్పి చూపించింది దానమ్మే. గీకడానికి ముప్పైమంది ఆడవాళ్ళను కుదిర్చిందీ ఆమే.

మొదటి ఏడు పెచ్చును మంచినీళ్ళ తొట్టిలో రెండుసార్లు కడిగి ఆరబెట్టేవారు. ఆ నీళ్ళు దూరపు బావి నుంచి బండిమీద రావాలి. ఈ ఏడు మేనేజరుగా వచ్చిన నరసింగరావు, కడగడం వల్ల పని ఆలస్యమవుతోందని బండి మాన్పించాడు. ఉప్పు పోకపోతే ముక్కలు చెమ్మగిల్లుతాయని దానమ్మ చెబితే, నీ పని గీకడమేనని నవ్వేశాడు.

మాఘంలో పంపిన సరుకు ఫాల్గుణం వెళ్ళకుండానే పెట్టెలకు పెట్టెలు తిరిగొచ్చింది. ముక్కలు మెత్తబడి నల్లబల్లమీద గీత పడటంలేదట. కారణమేమిటని షావుకారు ఉత్తరం రాశాడు. తూకాన్నిబట్టే కూలి కనుక, ఎక్కువ తూగాలని ఆడవాళ్ళు దొంగతనంగా ఉప్పు కలుపుతున్నారని నరసింగరావు జవాబు రాశాడు.

మర్నాడు, ఉప్పు కలిపే దొంగల్ని పడతానంటూ, మిల్లు గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళను నిలబెట్టాడు. గంపలు బోర్లించాక, కొంగుముడులు కూడా విప్పి చూపించమన్నారు. పెచ్చు గీకేవాళ్ళలో ఒకతె, కూర్మమ్మ, సిగ్గుతో ఏడ్చేసింది. దానమ్మ ముడిలో శ్రీముఖలింగం గుడి నుంచి తెచ్చుకున్న విభూతి పొట్లం ఉంది. అది ఉప్పేనేమోనని ఒకడు విప్పి, వేలితో కెలికి, నేలమీద దులిపేశాడు.

దానమ్మ తిన్నగా నరసింగరావు దగ్గరకు నడిచింది.

"మేం కలపనేదు బాబూ. తమరే కడగనివ్వనేదు," అంది.

ఇష్టం లేకపోతే పనిలోంచి పొమ్మన్నాడతను.

ఆమె గంప అక్కడే వదిలేసింది. మడి అడుగునుంచి అప్పుడే రెండు పెచ్చులు గీకి తీసుకుని, ఒకదాన్ని తన తాగే నీళ్ళతో శుభ్రంగా కడిగి, కోటబొమ్మాళి బడికి నడిచింది. హెడ్మాస్టరు అనంతపద్మనాభంగారు కూడా సుద్దముక్కలు తిప్పిపంపినవాళ్ళలో ఒకరు. జరిగినదంతా విని, ఆయన రెండు పెచ్చులూ నాలుకకు ఆనించి చూశారు. కడగనిది ఉప్పగా ఉంది, కడిగింది చప్పగా ఉంది. తరువాత గొడుగు తీసుకుని ఆమె వెంట బయల్దేరారు.

మిల్లు దగ్గర అందరి ముందూ ఆ పెచ్చులను మేనేజరు చేతిలో పెట్టి, రుచి చూడమన్నారు. నరసింగరావు చూడలేదు. బడిపంతులు దగ్గర వాదన పెట్టుకోలేక, సరే, రేపటి నుంచి కడుక్కోండి, ఇక పనిలోకి పొండి అన్నాడు.

ఎవరూ కదలలేదు.

"నీల్ల సంగతి కాదు," అంది దానమ్మ. "మమ్మల్ని దొంగలన్నారు. ఆ మాట తప్పని సెప్పండి. అప్పుడే గంప ఎత్తుతాం."

ఆడకూలీలకు తాను క్షమాపణ చెప్పడమేమిటని నరసింగరావు లోపలికి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు గట్టుమీద కూర్చున్నారు. వారంపాటు మడుల్లో పెచ్చు గీకినవారు లేరు, మిల్లులో బట్టీ వెలగలేదు. నాలుగోరోజుకే కొన్ని ఇళ్ళలో గంజి తప్ప మరేమీ లేకపోయింది. మాటకోసం పిల్లల్ని మాడ్చుకుంటామా అని కూర్మమ్మ అడిగింది. దానమ్మ తన ఇంట్లో ఉన్న చోడిగింజలు తెచ్చి ఆమె ఒళ్ళో పోసి వచ్చింది.

బడులు తెరిచేలోగా సరుకు అందాలి కనుక ఎనిమిదోరోజున షావుకారే దిగాడు. హెడ్మాస్టరును అడిగి సంగతి తెలుసుకున్నాడు. చెప్పవలసింది చెప్పమని మేనేజరును బయటికి పంపాడు. నరసింగరావు బట్టీవైపు చూస్తూ ఏదో గొణిగాడు.

"మా కొంగులిప్పినప్పుడు అందరూ సూసేరు," అంది దానమ్మ. "ఇది కూడా అందరికీ ఇనబడాల."

"మీరు ఉప్పు కలపలేదు. తప్పు నాదే," అన్నాడతను ఈసారి గట్టిగా.

మధ్యాహ్నానికి నీళ్ళబండి వచ్చింది. ఆడవాళ్ళు మడుల్లోకి దిగారు. వానలు పడేదాకా దానమ్మ వాళ్ళతోపాటు పనిచేసింది గానీ, నరసింగరావు పలకరిస్తే ఒక్కసారీ పలకలేదు. సరుకు ఎందుకు చెడిందో ఉత్తరం రాసిననాడే అతనికి తెలుసు. తెలిసే ఆడవాళ్ళ పేరు రాశాడు. అది తలచుకున్నప్పుడల్లా ఆమెకు మళ్ళీ ఒళ్ళు మండేది.