కింది ముక్క

కూరగాయల తొక్కలు బకెట్లోకి తోస్తుంటే మా ఆయన గుమ్మంలోంచే చెప్పాడు.

"పొలం పంపకాలు తేలాయి. కింది ముక్క తమ్ముడికి. పై ముక్క మనకి."

చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. నేను మిగతా తొక్కలు కూడా బకెట్లో వేశాను. కత్తిపీట కడిగాను. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు. పన్ను పీకే ముందు మత్తు ఇచ్చిన చిగురులా లోపలంతా మొద్దుబారి ఉంది. పెరట్లోంచి "సబ్బేదీ?" అని కేక వినిపించింది. సబ్బు అందించి వచ్చాను.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆ కింది ముక్క ఎవరికీ అక్కర్లేని నేల. మట్టి పైన పెంకు కట్టి ఉండేది. వాన పడితే నీరు లోపలికి దిగకుండా జారిపోయేది, ఎండ కాస్తే నెర్రెలు విచ్చేది. ఎంత యూరియా గుమ్మరించినా మొక్కజొన్న నడుమెత్తు దాటేది కాదు. వ్యవసాయ శాఖ వాళ్ళు శిక్షణ పెట్టి ఇంటికొకరు రావాలన్నప్పుడు, "అక్కడ కూర్చుని కునికిపాట్లు పడటం నా వల్ల కాదు, నువ్వెళ్ళు" అని మా ఆయన నన్ను పంపాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోవడం, ఎవరో తెచ్చిన టీ తాగడం నాకు అదే మొదటిసారి. అందుకేనేమో, చెప్పిన ప్రతి మాటా చెవికెక్కింది. ఇంటికొచ్చి చెబితే మామగారు నవ్వారు. "ఆ కింది ముక్క ఉందిగా, ఆడుకోమ్మా" అన్నారు.

ఆడుకున్నాను. వంట, బట్టలు, గేదెల పని అయ్యాక మిగిలిన పొద్దంతా అక్కడే. కోత అయ్యాక చొప్ప తగలబెట్టకుండా నేల మీదే పరిచాను. పంటకీ పంటకీ మధ్య జనుము చల్లి, పూతకి రాగానే ఎరువుగా నేలలోకి కలియదున్నించాను. పేడ, వంటింటి చెత్త కుళ్ళబెట్టి తట్టలతో మోశాను. నీరు పరుగెత్తకుండా వాలుకి అడ్డంగా గట్లు వేశాను. మెడ నరాలు పట్టేసి తల తిప్పలేని రోజుల్లో ఒళ్ళంతా తిప్పి మాట్లాడేదాన్ని. అత్తగారికి మాత్రం ఆ చొప్పే కనబడేది. "పొలమా అది? దువ్వని తలలా ఉంది. పదిమందిలో పరువు తీస్తున్నావు" అనేది. మొదటి రెండేళ్ళూ ఆవిడ మాటే నిజమేమో అనిపించింది. మూడో ఏడు మట్టి నల్లబడింది. పిడికిట్లో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. వానపాములు వచ్చాయి.

ఐదో ఏడు వానలు ముఖం చాటేశాయి. చుట్టుపక్కల చేలన్నీ వడలిపోతే కింది ముక్క మాత్రం పచ్చగా నిలబడింది. తర్వాత ఒక్కపెట్టున కుండపోత కురిసి అందరి పొలాల్లో నీళ్ళు నిలిచిపోతే, ఆ నేల తాగగలిగినంతా తాగేసి తేరుకుంది. కంకులు చివరిదాకా గింజ పట్టాయి. ఆ కోత నుంచి మా ఆయన నోట 'నీ ముక్క' కాస్తా 'మన ముక్క' అయింది. చూడటానికి జనం రావడం మొదలయ్యాక 'నా ముక్క' అయింది. మా ఆయన గట్టు మీద నిలబడి మట్టి పిసికి చూపించేవాడు. నేను టీ గ్లాసులు తీసుకెళ్ళేదాన్ని. "మా ఆవిడ కూడా సాయం చేస్తుందండీ" అనేవాడు, గుర్తొచ్చినప్పుడు.

ఈలోగా పట్నంలో మరిది ఉద్యోగం పోయింది. భార్యని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఇక సేద్యమే చేస్తానన్నాడు. ఆ వంకతో మామగారు పంపకాలు పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు మళ్ళీ ఆ మాటే వచ్చింది.

"చిన్నాడికి సేద్యం కొత్త. తయారైన నేల ఇస్తేనే నిలదొక్కుకుంటాడు" అన్నారు మామగారు.

"పెద్దాడికేం లోటు? పెళ్ళాం ఉందిగా! రాళ్ళు ఇచ్చినా పండిస్తుంది" అంది అత్తగారు.

అందరూ నవ్వారు. తన ట్రాక్టరుని ఎవరో మెచ్చుకున్నట్టు మా ఆయన కూడా నవ్వాడు. కూర వడ్డిస్తూ నేనూ నవ్వాను. పొగడ్తే కదా మరి. ఆ ఇంట్లో నాకు దొరికిన అతి పెద్ద పొగడ్త అదే. నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదు. తోచనందుకు నాకు కోపం కూడా రాలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగాను. సరిపోయిందన్నారు.

సాయంత్రం తొక్కల బకెట్ పట్టుకుని కాళ్ళు తీసుకెళ్ళిన వైపే వెళ్ళాను. కింది ముక్క గట్టు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. నా చేతిలో బకెట్ చూసి మొహమాటంగా నవ్వాడు.

"ఇంక మీరు శ్రమపడక్కర్లేదు వదినా. మా ఆవిడ చూసుకుంటుందిలే."

సరేనన్నాను. బకెట్ అలాగే మోసుకుని వెనక్కి వచ్చేశాను. దాన్ని ఎక్కడ ఒంపాలో తెలియలేదు. దొడ్డి గుమ్మం దగ్గర పెడితే, ఈగలు ముసురుతున్నాయని అత్తగారు కసిరింది.

కొన్నాళ్ళకి నేను గోధుమలు ఏరుతుంటే తోడికోడలు వచ్చి పక్కన చతికిలబడింది. పట్నంలో టైలరింగ్ షాపులో పనిచేసిన పిల్ల. సూది తప్ప మరేదీ పట్టని వేళ్ళు ఇప్పుడు బొబ్బలెక్కి ఉన్నాయి.

"అక్కా, ఆ ముక్కని ఎలా చూసుకోవాలో నిన్ను అడిగి నేర్చుకోమన్నారు ఆయన. వదిన కంటే బాగా చెయ్యాలట." నవ్వబోయి మానేసింది. "పొద్దున్నే గేదెల పని, వంట, ఆ తర్వాత అది. ఎలా చేశావక్కా ఇదంతా?"

చెప్పడం మొదలుపెట్టాను. చొప్ప కాల్చనివ్వొద్దు. జనుము గింజ కట్టకముందే దున్నించు. నేలని ఎప్పుడూ ఎండకి వదిలేయకు, ఏదో ఒకటి కప్పి ఉంచు. పాఠం అప్పజెబుతున్నట్టు నా గొంతు నాకే వినబడుతోంది. ఆ పిల్ల బుద్ధిగా తలాడిస్తోంది.

"ఇలాంటి నేల తయారవడానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

"నాకు ఆరేళ్ళు పట్టింది."

"ఆరేళ్ళయ్యాక?"

"అయ్యాక ఏముంది? పంట బాగా వస్తుంది."

"అది కాదక్కా. ఆరేళ్ళయ్యాక నీకేం మిగిలింది?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలియకే అడిగింది. నా వేళ్ళు గోధుమల్లో ఆగిపోయాయి. దానికి నా దగ్గర జవాబు ఉంది, ఇన్నాళ్ళూ నోటిదాకా రాలేదంతే. ఆ పిల్ల బొబ్బల చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. మరో ఆరేళ్ళకి ఆ ముక్క ఎవరికి కావలసి వస్తే వాళ్ళకి పోతుంది. అప్పుడు ఈ పిల్ల కూడా అందరికీ వడ్డిస్తూ నవ్వుతుంది.

"మిగతాది తర్వాత చెబుతాను చెల్లీ. ముందు ఆ ముక్క నీ పేరు మీద రాయమని అడుగు" అన్నాను.

ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. "ఇస్తారా?"

"తెలీదు. నేనెప్పుడూ అడగలేదు."

ఆ సాయంత్రమే మా ఆయన జనుము విత్తనాల సంచీ తెచ్చి వరండాలో దించాడు. "ఎల్లుండి పై ముక్క దున్నిస్తున్నా. ఎప్పుడు చల్లుతావు?"

"నా పేరు మీద రాయించాక."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నీదీ నాదీ ఏంటి మన మధ్య?"

"ఏమీ లేనప్పుడు నా పేరు మీద ఉంటే మాత్రం ఏం?"

వంట చేశాను, బట్టలు ఉతికాను, గేదెల్ని చూసుకున్నాను. పై ముక్క వైపు మాత్రం వెళ్ళలేదు. అత్తగారు నాతో మాట్లాడటం మానేసింది. "తమాషాకి ఆడుకోమంటే నెత్తికెక్కింది" అని మామగారు ఎవరితోనో అంటుంటే విన్నాను. మా ఆయన నేల దున్నించాడు కానీ విత్తనం చల్లలేదు. ఎంత దగ్గరగా చల్లాలో, ఎప్పుడు కలియదున్నాలో ఆయనకి తెలియదు. నన్ను అడగటానికి మొహం చెల్లలేదు. సంచీ వరండాలోనే ఉండిపోయింది. నేను దాని చుట్టూ ఊడుస్తూ వచ్చాను.

ఆ తర్వాత పెద్ద వాన వచ్చింది. వరండా చివర నిలబడితే పై ముక్క కనిపిస్తుంది. దున్ని వదిలేసిన నేల మీద నీళ్ళు పాయలు పాయలుగా చీలి, ఉన్న కాస్త పైమట్టినీ కోసుకుని ఎర్రగా కిందికి పోతున్నాయి. నాలుగు గట్లు వేసి ఉంటే ఆగేది. గడ్డైనా పరిచి ఉంటే ఆగేది.  ఎన్నాళ్ళ తర్వాతో నాకు నొప్పి తెలిసింది. తడిసైనా సరే, పార పట్టుకుని పరుగెత్తాలనిపించింది. స్తంభాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మా ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయనా అటే చూస్తున్నాడు. 

"రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనుక్కున్నాను" అన్నాడు చివరికి, నా మొహం చూడకుండా. "నేల పాడవుతుంటే చూడలేక, పై ముక్క నీ పేరు మీద రాయడానికి నాన్న సంతకం పెడతానన్నాడు. నువ్వు కూడా రావాలట."

"వస్తాను" అన్నాను. "చెల్లి కూడా వస్తుంది. కింది ముక్క తన పేరు మీద రాయించే సంగతీ ఒకేసారి తేల్చేద్దాం."