చర్లపల్లి బనీను

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసే మంగలి నాచారంలో బిక్షపతి ఒక్కడే. వారమంతా వచ్చే గిరాకీ ఆ ఒక్క పూటే వస్తుందని భార్య బాలనర్సమ్మ నెత్తి కొట్టుకున్నా వినేవాడు కాదు. చలికాలం వచ్చి బాస్కెట్‌బాల్ లీగు మొదలైందంటే, కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషిని గబగబా ముగించి, షట్టర్ దించి, భార్గవ ఫౌండ్రీ వెనకున్న సిమెంటు కోర్టుకు పరుగెత్తేవాడు.

ఎనభైల చివరి రోజులవి. నాచారం, ఉప్పల్, మల్కాజిగిరి, చర్లపల్లి కంపెనీలు కొన్ని తలా ఒక జట్టును పోషించేవి. ఆటగాళ్లకు జీతం కంపెనీదే. హాజరుపట్టీలో హెల్పర్ అనో ప్యాకర్ అనో ఉండేది గానీ, వాళ్లు చేసే పని ఆట ఒక్కటే. నాచారానికి భార్గవ ఫౌండ్రీ జట్టు, చర్లపల్లికి త్రినేత్ర పైప్స్ జట్టు. ఈ రెండింటికీ పడదు.

బిక్షపతి ఎన్నడూ బంతి ముట్టినవాడు కాదు. అయినా అతని కుర్చీలో కూర్చున్నవాడెవడైనా సరే, మెడ మీద కత్తి ఆడుతున్నంతసేపూ అతని తీర్పులు వినాల్సిందే.

"ఉప్పల్ మిల్లోళ్లా? ఆళ్లకు బంతి దొరికితే సద్దిగిన్నె దొరికినట్టే. పక్కోనికి ఇయ్యరు. మల్కాజిగిరోళ్లు పొడుగున్నరు, నిజమే. తాడిచెట్టు గూడ పొడుగుంటది, ఉరుకుతదా? ఇగ చర్లపల్లోళ్ల సంగతి అడగకు. ఆళ్లకు ఆట రాదు, మోచేతులొస్తయి."

ఎదురు చెప్పినవాడికి చెంప మీద కత్తి ఒక క్షణం ఆగేది. దాంతో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

అతను మెచ్చుకునే ఆటగాడు ఒక్కడే, పౌలు. చర్చి వెనక బస్తీ పిల్లవాడు. తండ్రి అబ్బయ్య జనగామ వైపు నుంచి వచ్చి భార్గవ ఫౌండ్రీలో కొలిమి దగ్గర పనిచేశాడు. పౌలు చిన్నపిల్లవాడిగా ఉండగానే, కరిగిన ఇనుము మీద పడి అబ్బయ్య అక్కడే చనిపోయాడు. తల్లి సువార్తమ్మ నాలుగిళ్లలో పనిచేసి కొడుకును పెంచింది. చర్చి ఆవరణలో ఫాదర్ పెట్టించిన వెదురు రింగులో బంతి వేస్తూ పెరిగిన పౌలు, పెద్దయ్యాక ఫౌండ్రీ జట్టుకే మూడు సీజన్లు ఆడాడు. బిక్షపతి అబ్బయ్యను అన్నా అని పిలిచేవాడు. అందుకే పౌలు ఇతన్ని కాకా అనేవాడు. "నా అన్న కొడుకు" అని బిక్షపతి కోర్టు పక్కన ఛాతీ విరుచుకునేవాడు.

ఆ ఏడు లీగు ఇంకో వారంలో మొదలవుతుందనగా పౌలు దుకాణానికి వచ్చాడు. అప్పటికే కబురు చౌరస్తా అంతా పాకింది. బిక్షపతికీ తెలిసింది. పౌలు కుర్చీలో కూర్చుని, గుడ్డ తానే మెడకు చుట్టుకున్నాడు.

"కాకా, జర చిన్నగ కొట్టు."

బిక్షపతి కత్తెర తీయలేదు. "చర్లపల్లిల మంగలోళ్లు లేరా?"

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు పేపర్లు దించారు.

"మూడేండ్ల సంది మేనేజర్ గంగాధరరావు సార్ సుట్టు తిరుగుతున్న కాకా. పర్మినెంట్ జేస్త, జేస్త అనుడే. త్రినేత్రోళ్లు పిలిచి నౌకరి ఇచ్చిన్రు. ఈ సీజన్ జూసి పక్కా జేస్తమన్నరు."

"నౌకరి ఇస్తమంటే ఊరిడిసి పోతవా? రేపు ఇంకోడు పిలిస్తే ఇంకో బనీను తొడుగుతవా?"

"తొడుగుత," అన్నాడు పౌలు అద్దంలో అతన్నే చూస్తూ. "టీమ్ గెలిస్తే నీకు సంబురం. మా అమ్మకు రెక్కలాడితేనే బువ్వ. ఎన్నేండ్లు అంట్లు తోమాలె?"

"దిగు."

"కాకా..."

"కాకా లేడు, గీకా లేడు. నా కుర్చీల చర్లపల్లోడు కూసోడు. దిగు!"

మెడ చుట్టూ ఉన్న గుడ్డను బిక్షపతి ఒక్క గుంజు గుంజాడు. పౌలు లేచి, పెరిగిన జుట్టుతోనే బయటకు నడిచాడు.

ఆ సీజనంతా బిక్షపతి నోటికి అడ్డు లేకపోయింది. చర్లపల్లి ఆడే ప్రతి మ్యాచ్‌కూ వెళ్లాడు, గెలిపించడానికి కాదు, తిట్టడానికి. పౌలు చేతికి బంతి వస్తే చాలు, "అమ్ముడుపోయినోడా!" అని అరిచేవాడు. చుట్టుపక్కలవాళ్లు నవ్వేవారు. వాళ్లు నవ్వేకొద్దీ అతనికి హుషారు. పౌలు మాత్రం తల తిప్పేవాడు కాదు. బంతి వేసి, వెనక్కి పరుగెత్తి, తన జాగాలో నిలబడేవాడు. ఆ నిబ్బరం చూస్తే బిక్షపతికి ఇంకా మండేది.

ఫైనల్‌కు ఈ రెండు జట్లే వచ్చాయి. మ్యాచ్ ఫౌండ్రీ కోర్టులోనే. షెడ్ల మీదా గోడల మీదా జనం. బిక్షపతి పొద్దున్నుంచే దుకాణం తెరవకుండా వచ్చి, రింగు స్తంభం వెనక నేల మీద జాగా పట్టుకున్నాడు.

ఆట చివరికొచ్చేసరికి చర్లపల్లి ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఇక విజిల్ ఊదేస్తారనగా పౌలు బంతితో లోపలికి దూసుకొచ్చాడు. ఫౌండ్రీ కెప్టెన్ మురళీధర్ అతని భుజం మీద పడ్డాడు. ఫౌల్. రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడితే కప్పు చర్లపల్లిది.

మొదటిది రింగుకు తగలకుండా నేరుగా లోపల పడింది. స్కోరు సమమైంది. నాచారం జనం గొంతులు పడిపోయాయి. పౌలు రెండోసారి బంతి అందుకుని, నేలకేసి కొట్టి, రింగు వైపు తల ఎత్తాడు. అతని చూపుకు సరిగ్గా కింద బిక్షపతి లేచి నిలబడ్డాడు.

"అరేయ్ పౌలూ! మీ అయ్య పీనుగు లేసింది గీ ఫౌండ్రీల నుంచే గదరా! ఆయన సచ్చిన జాగల ఆయన కంపెనీ మీదనే ఆడనీకె సిగ్గు లేదురా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పౌలు బంతిని మెల్లగా గీత మీద పెట్టాడు. నడుచుకుంటూ వచ్చి, బిక్షపతి చొక్కా గల్లా పట్టి దగ్గరికి గుంజి, మూతి మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. బిక్షపతి స్తంభానికి తగిలి కూలబడ్డాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది. రెఫరీ విజిల్ మోగుతూనే ఉంది.

పౌలును బయటికి పంపించేశారు. అతనికి మిగిలిన త్రో ఇంకొకడు వేసి పోగొట్టాడు. దెబ్బకు శిక్షగా ఫౌండ్రీకి ఫ్రీ త్రోలు ఇచ్చారు. మురళీధర్ వేశాడు. కప్పు నాచారానికి వచ్చింది.

జనం బిక్షపతిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. జట్టు మేనేజర్ గంగాధరరావు, ముఖ్య అతిథి కోసం తెచ్చిన శాలువాల్లో ఒకటి తీసి అతనికి కప్పాడు. "ఐదుగురు ఆడారు గానీ గెలిపించింది నువ్వేనయ్యా," అన్నాడు. వాచిన పెదవితోనే బిక్షపతి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

ఇంటికొచ్చి రక్తపు చొక్కా విప్పి ఇస్తే బాలనర్సమ్మ అందుకోలేదు.

"ఏమన్నవో బస్తీల అందరు జెప్పుకుంటున్నరు. నీ అంగి నువ్వే ఉతుక్కో," అని పక్కకు తిరిగింది.

మర్నాడు దుకాణం కిటకిటలాడింది. పెదవి చూసి, జరిగింది మొదటి నుంచి చెప్పించుకునే వాళ్లే అందరూ. బిక్షపతి కత్తి గాల్లో ఆడిస్తూ చెబుతుండగా గుమ్మంలో సువార్తమ్మ నిలబడింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుములో దోపుకునే ఉంది. ఒక ముసలాయన గడ్డం గీయించుకుని అప్పుడే లేచాడు. ఆమె వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. మగవాళ్లు తప్ప ఎవరూ ఎక్కని కుర్చీ అది.

"వదినా, గిదేంది? లే," అన్నాడు బిక్షపతి.

"నా కొడుకుకు జెప్పింది నాకు జెప్పు."

"ఆటల అన్న మాట వదినా. ఆటల వంద అంటం."

"పీనుగు లేసిందన్నవట గద. ఎట్ల లేసిందో జెప్పు." ఆమె గొంతు పెంచలేదు. "కంపెనీల నుంచి పెట్టె తెచ్చినప్పుడు నన్ను సూడనియ్యలే. నువ్వు సామాన్లు పట్టుకొని లోపలికి పోయి గడ్డం గీసినవు. అబ్బయ్య మొకం ఆఖరికి సూసింది నువ్వు. ఎట్లున్నది?"

బిక్షపతి చేతిలో కత్తి కిందికి దిగింది. ఆ రోజు ఆ ముఖంలో కత్తి పెట్టడానికి ఒక్క పక్కే మిగిలింది. ఆ పక్క మాత్రం గీసి, రెండో పక్క తెల్లగుడ్డ కప్పి బయటికి వచ్చాడు. ఏడుస్తున్న ఈమెతో ఒక మాట చెప్పాడు. ఇప్పుడూ అదే చెప్పాడు.

"నిదురవోయినట్టే ఉండె వదినా."

"గప్పుడు గూడ గదే అన్నవు. ఇన్నేండ్లు గా మాట పట్టుకొని బతికిన. ఇగ నీ నోట్లె నుంచి వచ్చిన ఏ మాట నమ్మాలె? నిన్నటిది నిజమా, అప్పటిది నిజమా?"

బెంచీ మీద ఒక్కొక్కరే లేచి బయటకు జారుకున్నారు. సువార్తమ్మ కుర్చీ దిగి, కొంగు సర్దుకుని, "నీకు నోరు మాత్రమే ఇచ్చిండు దేవుడు," అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే త్రినేత్ర పైప్స్ వాళ్లు పౌలును తీసేశారు. ఆడే చోట చూసేవాణ్ణి కొట్టినవాడు తమకు అక్కర్లేదన్నారు. ఆ సంగతి తెలిసిన రోజు బిక్షపతి దుకాణం మధ్యలో మూసి, ఫౌండ్రీ ఆఫీసుకు పోయాడు. గంగాధరరావు కుర్చీ చూపించలేదు.

"సార్, పౌలును మళ్ల మన టీమ్‌ల దీస్కోండ్రి. తప్పు నాది."

"వాడు చెయ్యెత్తాడు, నువ్వు కాదు కదా. పైగా మనల్ని వదిలిపోయినవాడు. ఏడాదంతా వాణ్ణి అమ్ముడుపోయాడన్నది ఎవరయ్యా? నువ్వే!"

"మీరు పర్మినెంట్ జేస్తే ఎందుకు పోతుండె?"

"అది నీకు చెప్పాలా? గెలిచాం, శాలువా కప్పాం. ఇంకేం కావాలి?"

బిక్షపతి బల్ల మీదికి వంగాడు. "గెల్సిన్రా మీరు? థూ! మురళీధర్‌కు ఎడమ చెయ్యి ఉన్నదని వానికే తెల్వదు. మిగిలినోళ్లు నిలవడి సూస్తరు. పౌలు లేకుంటే మీ టీమ్‌కు ఉప్పల్ మిల్లోళ్లు గూడ బుద్ధి జెప్తరు. నా నోరు గెలిపిచ్చింది మిమ్ముల, మీ ఆట గాదు!"

గంగాధరరావు వాచ్‌మన్‌ను పిలిచాడు. నిన్నమొన్న భుజాల మీద మోసిన గేటులోంచే అతన్ని రెక్క పట్టి బయటికి పంపారు.

అక్కణ్ణుంచి సరాసరి పౌలు ఇంటికి వెళ్లాడు. పౌలు మల్కాజిగిరి స్టేషన్లో మూటలు మోసే పనికి కుదిరాడు. అప్పుడే వచ్చి గడప దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. జుట్టు చెవుల మీదికి పెరిగి ఉంది.

"గంగాధరరావు సార్‌ను అడిగొచ్చిన బిడ్డా. నిన్ను దీస్కొమ్మన్న. ఆడు వినలే. మస్తు తిట్టిన..."

"నిన్నెవరు అడగమన్నరు?"

"నీ కోసమే గదా."

పౌలు చెంబు కింద పెట్టాడు. "నా కోసం నువ్వు నోరు తెర్వకు. మంచికి గూడ తెర్వకు. మా అమ్మ రాత్రిపూట అన్నం ముంగట కూసొని అయ్య మొకం ఎట్లుండెనో అని అడుగుతున్నది. నన్ను అడుగుతున్నది. నేనేం జెప్పాలె?"

"పౌలూ, ఆ దినం నేను..."

"జెప్పకు. పో."

పౌలు లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మరుసటి చలికాలం లీగు మామూలుగానే మొదలైంది. బిక్షపతి మామూలుగానే షట్టర్ దించి వెళ్లాడు. ఫౌండ్రీ వాళ్ల బెంచీల దగ్గరికి పోతే, సార్‌ను తిట్టినోనికి ఇక్కడ జాగా లేదు పొమ్మన్నారు. కోర్టు చుట్టూ తిరిగి చర్లపల్లి వాళ్ల వైపు వెళ్లాడు. కూర్చున్నాడో లేదో ఒకడు గుర్తుపట్టాడు.

"వీడే! మన పౌలు నౌకరి తిన్నోడు వీడే!"

వాళ్లూ లేపి తోసేశారు. చివరికి గేటు పక్కన సోడా బండి దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఒక రింగే కనిపించేది. మురళీధర్ కుడిచేత్తోనే వేసి మళ్లీ పోగొట్టాడు. చర్లపల్లిలో పౌలు జాగాలో ఎవరో కొత్తవాడు ఆడుతున్నాడు, బంతి చేతిలో నిలవడం లేదు.

"ఏం టీములురా ఇవి!" అన్నాడు బిక్షపతి. "ఒకనికి చేతుల్లేవు, ఒకనికి కండ్లు లేవు. ఇసుంటి ఆట సూడనీకె సిగ్గుండాలె."

సోడా బండివాడు గోలీ సీసా కొడుతూ అతని వైపు విసుగ్గా చూశాడు. "గంత సిగ్గయితే ఎందుకొచ్చినవే? గిరాకీకి అడ్డం నిలవడ్డవు, జర పక్కకు జరుగు."

బిక్షపతి పక్కకు జరిగాడు. కొత్తవాడు ఫ్రీ త్రో గీత మీదికి వచ్చి నిలబడ్డాడు. బిక్షపతి మెడ సాచి చూశాడు.