వరదప్పకిచ్చిన మాత్రలు

చిన్నరాజు మేస్త్రికి ఒకచోట నిలబడడమంటే గిట్టదు. కాపురం గుడియాత్తంలో, పని వేలూరు పక్కన సత్తువాచారిలో. సిమెంటుకు పర్మిట్లు పోయి, చేతిలో నాలుగు రాళ్ళున్న ప్రతివాడూ మేడ లేపుకుంటున్న కాలం అది. పొద్దున ఒక ఇంటి పునాది, మధ్యాహ్నం ఇంకో ఇంటి గోడ, సాయంత్రం మళ్ళీ మొదటి ఇంటికి. కూలీలకు ఆయన గొంతు ముందు వినిపించేది, మనిషి తరవాత కనిపించేవాడు.

అలాంటి మనిషికి ఎడమ కాలి పిక్క ఎదురు తిరిగింది. కూర్చుంటే ఏమీ ఉండదు. ఒక వీధి నడిచేసరికి తడిగుడ్డను పిండినట్టు పిక్కను ఎవరో మెలిపెట్టేవారు. ఆగితే కాసేపటికి వదిలేది. నలుగురిలో ఆగడం ఆయనకు నామోషీ. అందుకని నొప్పి వచ్చిన చోటల్లా ఎవరింటి గోడ ముందో నిలబడి, పూత మీద వేళ్ళతో తట్టి, "ఇసుక ఎక్కువేసినారు" అని గొణిగేవాడు.

భార్య జయ కొన్నాళ్ళు చూసి ఊరుకుంది. ఒకరోజు, "ఊర్లో గోడలన్నీ నీకే కనబడతాయా? పద వేలూరికి" అని బస్సెక్కించింది.

పెద్దాసుపత్రిలో చూసింది డాక్టర్ బాలచంద్రన్. ఆంధ్రా నుంచి వచ్చే రోగులతో మాట్లాడి మాట్లాడి తెలుగు పట్టుబడిన మనిషి. పాదం మీద వేలు పెట్టి నాడి వెతికాడు. కాలికి రక్తం తీసుకుపోయే గొట్టం లోపల సన్నబడిందని, అందులో సగం పుణ్యం బీడీలదని చెప్పాడు.

"మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. కొరకకూడదు, విరవకూడదు, పొడి చెయ్యకూడదు. అది లోపల మెల్లగా కరగాలి. పన్ను పీకించుకున్నా సరే, ఈ మందు వాడుతున్నానని ముందే చెప్పాలి. రోజూ నడవండి. నొప్పి వస్తే ఆగండి, తగ్గితే మళ్ళీ నడవండి. బీడీ మానకపోతే మాత్ర ఒక్కటే ఏమీ చెయ్యలేదు."

చిన్నరాజు మొండివాడే గాని మాట పట్టుకున్నాడంటే వదలడు. బీడీ కట్ట జయ చేతికిచ్చేశాడు. మధ్యలో రెండుసార్లు దొంగతనంగా కాల్చి, ఆమెతో తిట్లు తిని, మళ్ళీ మానాడు. చెప్పినట్టే మాత్రలు మింగాడు. వారం పదిరోజులకు ఏమీ తెలియక చిరాకుపడ్డాడు. నెల దాటాక ఒకరోజు, వీధి చివర ఆగకుండానే మలుపు తిరిగానని గమనించి తనలో తానే నవ్వుకున్నాడు.

ఆ సంతోషం ఆయన కడుపులో ఇమడలేదు. తిన్నగా వరదప్ప ఇంటికి పోయాడు.

వరదప్ప లుంగీలు నేసే మనిషి. చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. గుంటమగ్గంలో కాళ్ళు దించి తొక్కీ తొక్కీ ఆయనకూ కొన్నాళ్ళుగా కాలు లాగుతోంది. తుంటి నుంచి మడమ దాకా జివ్వుమంటోందని చెప్పుకునేవాడు. చిన్నరాజు జేబులోంచి ఒక మాత్రల అట్ట తీసి, మగ్గం గట్టు మీద పెట్టాడు.

"మింగు వరదా. అన్నం తిన్నాకనే. కొరకొద్దు. నా కాలు చూసినావా, గుర్రం మాదిరి పోతా ఉండాది."

వరదప్ప పొంగిపోయాడు. ఆయన భార్య చౌడమ్మ, "మా అన్న ఉండగా మాకేం తక్కువ" అని కాఫీ ఇచ్చింది.

ఒక అట్ట తగ్గింది కాబట్టి చిన్నరాజుకు మందు ముందుగానే అయిపోయింది. ఆ వారం చివర ఒక్కడే వేలూరు పోయి డాక్టరు ముందు కూర్చున్నాడు. బాలచంద్రన్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇంత తొందరగా ఎలా అయిపోయాయి? ఎక్కువ మింగుతున్నారా?"

"లేదు సార్. ఒక అట్ట మా స్నేహితుడికి ఇచ్చినాను. వాడికీ కాల్నొప్పే."

"ఆయన నొప్పి కూడా రక్తం అందక వచ్చిందేనని ఎవరు చెప్పారు?"

చిన్నరాజు చేతిలోని మందుచీటీ వైపు చూశాడు.

"ఆయనకు ఎప్పుడైనా కడుపులో పుండు గానీ, రక్తపు వాంతులు గానీ ఉన్నాయా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ కిందట, నేస్తూ నేస్తూ వరదప్ప మగ్గం పక్కకు ఒరిగి రక్తం కక్కుకున్నాడు. ఎద్దుల బండిలో వేసి ఆసుపత్రికి తోలుకుపోయింది తనే. తన చొక్కా మీద ఆ మరక చాన్నాళ్ళు ఉండిపోయింది.

"ఉండింది సార్."

"నొప్పులకు ఇంకేవైనా మాత్రలు?"

"మెడికల్ షాపులో తెచ్చుకుంటాడు. దినామూ."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఈ మందు రక్తాన్ని సులువుగా పారనిస్తుంది. మీకు మేలు. కడుపులో పుండున్న మనిషికి, అందులోనూ ఆ నొప్పి మాత్రలతో కలిపి వేసుకుంటే, లోపల రక్తం కారొచ్చు. ఈరోజే ఆపించండి. మలం నల్లగా, తారులాగా పోతోందేమో అడగండి. పోతుంటే ఇంట్లో ఉంచొద్దు. మీవి మాత్రం మీరు మానకండి, వింటున్నారా?"

చిన్నరాజు సగమే విన్నాడు. అప్పటికే లేచాడు.

గేటు బయట పసుపు బోర్డు పెట్టిన ఎస్టీడీ బూతులోకి దూరాడు. వరదప్ప వీధిలో ఫోనున్నది లుంగీల వ్యాపారి కొట్టులో ఒక్కచోటే. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎవరో ఎత్తి, ముదలాళి, అంటే షావుకారు, లేరని తమిళంలో అని, చెప్పేది పూర్తిగా వినకుండానే పెట్టేశారు. మూడోసారి లైను కలవలేదు.

బస్సు పళ్ళికొండ దగ్గర ఆగింది. మనుషులు నిండేదాకా కదలనంది. చిన్నరాజు దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు.

"ఎప్పుడు తీస్తావప్పా? ప్రాణం మీదికొచ్చింది."

"పోలాం, పోలాం," అన్నాడు కండక్టరు, పోదాంలే అన్నట్టు టీ ఊదుకుంటూ.

అన్నం తిన్నాకే మింగమని తనే కదా చెప్పింది. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. వరదప్ప మగ్గం దిగి కాళ్ళు కడుక్కుంటూ ఉంటాడు. చౌడమ్మ కంచం పెడుతూ ఉంటుంది. ఆ కంచం పక్కన అట్ట. చిన్నరాజు ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకుని, తనే బస్సును తోస్తున్నట్టు ముందుకు వంగి కూర్చున్నాడు.

గుడియాత్తంలో ఆరోజు సంత. బస్సు దిగి ఎక్కిన షేర్ ఆటో వంతెన మీద ఎడ్లబండ్ల మధ్య ఇరుక్కుని ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. ఆయన దిగి నడక మొదలుపెట్టాడు. నడక కాస్తా పరుగైంది. వంతెన దిగేలోపే పిక్క పట్టేసింది. ఆగాడు. పళ్ళు బిగించి మళ్ళీ కదిలాడు. కాలు రాయిలా బిగుసుకుంది. ఎంత తిట్టుకున్నా అది తన లెక్క ప్రకారమే వదిలింది.

అప్పుడే ఎదురొచ్చింది అమరావతి. వరదప్ప వీధిలోనే ఉంటుంది. చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని కంపెనీలో ఇవ్వడానికి పోతోంది.

"అమరావతీ, నిలు! వెనక్కి పో తల్లీ. వరదప్పని నేనిచ్చిన మాత్రలు మింగొద్దని చెప్పు. ఇప్పుడే."

"ఏమైంది మేస్త్రీ? నువ్వే పోరాదా?"

ఇన్నాళ్ళూ నలుగురిలో ఒప్పుకోని మాట నోట్లోంచి వచ్చేసింది. "నా కాలికి రక్తం పోదమ్మా. నేను పరిగెత్తలేను. నువ్వు పో."

ఆమె ఆయన ముఖం చూసి, గంప దించి, చెంగు దోపుకుని పరిగెత్తింది. చిన్నరాజు గంప నెత్తికెత్తుకున్నాడు. నడుస్తూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ పోయాడు. ఎంత మంది చూశారో, ఎవరు నవ్వారో ఆయనకు తెలియదు.

వీధిలో మగ్గాలన్నీ ఆడుతున్నాయి, వరదప్ప ఇంట్లో తప్ప. అమరావతి గడపలోనే నిలబడి ఉంది. లోపల వరదప్ప గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఏమిరా," అన్నాడు నీరసంగా, "ఇచ్చిన మాత్రలు వెనక్కి అడగను వచ్చినావంట?"

"వరదా, దొడ్డికి నల్లగా పోతా ఉండాదా?"

వరదప్ప ఓరగా భార్యను చూశాడు. "మొన్నట్నించి."

"ఎందుకు చెప్పలా?"

"నువ్విచ్చిన మందు కడుపులో మురికంతా తోసేస్తా ఉండాదనుకున్యా."

చౌడమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. "పొద్దున కూడా మింగినాడన్నా. అన్నం తిన్నాకనే. కొరకలేదు. నువ్వు చెప్పినట్టే."

లుంగీ మూటలు మోసే వ్యానులో వరదప్పను పడుకోబెట్టారు. ఊళ్ళో ఆసుపత్రిలో సెలైను పెట్టి, అట్నుంచటే వేలూరు పంపారు. పాత పుండు దగ్గరే రక్తం కారుతోందన్నారు. రక్తం ఎక్కించాలన్నారు. చిన్నరాజు చొక్కా చెయ్యి మడిచి ముందుకు వచ్చాడు. ఈ మందు వాడేవాళ్ళ రక్తం తీసుకోకూడదని నర్సు పక్కకు పొమ్మంది. వరదప్ప కొడుకు నందకుమార్ ఇచ్చాడు.

చిన్నరాజు వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. పిక్క పట్టేసినప్పుడల్లా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. చివరికి చౌడమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"అన్నా, నువ్వు మంచికే ఇచ్చినావు. నాకు తెలుసు. కానీ నిన్ను చూస్తే ఇప్పుడు నా కడుపు మండుతా ఉండాది. కొంచేపు నా కళ్ళకి కనబడొద్దు."

ఆయన మెట్లు దిగి, చెట్టు కింద కూర్చున్నాడు. మర్నాడు జయ వచ్చి, "తిండి తిన్యావా? మాత్ర?" అని అడిగేదాకా రెండూ గుర్తులేవు.

వరదప్ప బతికాడు. ఆపరేషన్ దాకా పోలేదు. ఆయన కాలు లాగుడుకు కారణం నడుములో నొక్కుకుపోయిన నరమని, రక్తానికీ దానికీ సంబంధమే లేదని తేలింది. ఇక నొప్పి మాత్రలు ఎవరినీ అడక్కుండా కొనకూడదని గట్టిగా చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక వరదప్ప మామూలుగానే ఉన్నాడు. చౌడమ్మే ఉండలేకపోయింది. చిన్నరాజు వస్తే నీళ్ళచెంబు పెట్టి లోపలికి పోయేది. ఆయనకు ఆ ఇంట్లో కూర్చోబుద్ధయ్యేది కాదు, రాకుండానూ ఉండలేకపోయేవాడు. గడపలో కూర్చునేవాడు, లేచేవాడు, వీధి చివరిదాకా పోయి మళ్ళీ వచ్చేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఆమె లోపల్నుంచి వచ్చి, గుప్పిట విప్పింది. మోకాళ్ళకని అంగట్లో ఇచ్చిన మాత్రలు.

"ఇవి నేను మింగొచ్చునా అన్నా?"

ఎవరు ఏమడిగినా జవాబు నాలుక చివర ఉండే మనిషి ఆ మాత్రల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు తెలీదు చౌడమ్మా," అన్నాడు. "రేపు వేలూరు పోతా ఉండాను. నువ్వూ రా. డాక్టర్నే అడుగుదాం."

ఆమె మాత్రల్ని తీసుకుని కొంగున ముడేసుకుంది. "మొదటి బస్సుకా?" అంది.