మూడడుగుల అవతల

నేను ఒక బిస్కెట్ల రేకు డబ్బాని. నా మూత మీద గుర్రబ్బండి బొమ్మ ఉండేది. గుర్రాన్ని తుప్పు తినేసింది, బండి మిగిలింది. ఏ ఊళ్లో తయారయ్యానో గుర్తులేదు. యంత్రం నోట్లో పలకగా పడి, డబ్బాగా లేచాను. మొదట బిస్కెట్లు మోశాను, తర్వాత సూదులూ దారాలూ. ఆపైన పాస్టరయ్యగారి భార్య, ఊరంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, నన్ను చర్చికి తెచ్చి వాగ్దానాల డబ్బాను చేసింది.

కొత్త సంవత్సరం నాడు పొద్దుటి ఆరాధన అయ్యాక నాలోంచి ఒక్కొక్కరూ ఒక చీటీ తీసుకుంటారు. దాని మీద దేవుని మాట ఒకటి అచ్చయి ఉంటుంది. ఆ ఏడాదికి అదే వాళ్ల వాగ్దానం. తీసింది తిరిగి వెయ్యకూడదు. పదిహేడేళ్లు మోశాను. అందరూ కళ్లు మూసుకునే తీస్తారు. వేళ్లు మాత్రం అడుగుదాకా దేవులాడతాయి. మంచివి అడుగున ఉంటాయని వాళ్లకెవరు చెప్పారో! మోసే నాకే తెలియదు ఏది ఎక్కడుందో.

జక్కరయ్య గ్రానైట్ క్వారీలో రాళ్లకు బెజ్జాలు వేసి వేసి సగం చెవుడు తెచ్చుకున్న మనిషి. అరవై దాటాక భార్య రూతమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆ జనవరికి ఆమె పేరున చీటీ తీశాడు. పంటల గురించి వచ్చింది. అటూ ఇటూ చూసి లోపల పడేశాడు. రెండోది శత్రువుల గురించి. అదీ పడేశాడు. నాలుగోసారికి నడక గురించిన మాట దొరికింది. అంత మనిషీ ఏడ్చాడు. అమ్మగారు చూసీ చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ చీటీ భార్య తలగడ కింద పెట్టి, కాలు వంచి చాపే వ్యాయామం మాన్పించాడు. చేయించడానికి వచ్చే నర్సమ్మతో "వాగ్దానం వచ్చింది గదమ్మా, ఇంక నువ్వెందుకు?" అన్నాడట. ఏడాది తిరిగేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది.

మరుసటి జనవరికి రూతమ్మను ప్లాస్టిక్ కుర్చీలో మోసుకొచ్చారు. "నాది నేనే తీసుకుంటా," అని ఎడమ చెయ్యి నాలో పెట్టింది. దేవులాడలేదు. పైనున్నదే తీసింది. అమ్మగారు చదవబోయి నీళ్లు నమిలింది. అది సంతానం గురించిన వాగ్దానం.

చర్చంతా నవ్వింది.

"ఏందయ్యో, ఊయల కట్టు మరి," అంది రూతమ్మ మొగుడితో, ముద్దగా వచ్చే మాటతోనే.

"లోపల వేసెయ్ రూతమ్మక్కా, ఇంకోటి తీసుకో," అంది అమ్మగారు.

"వద్దమ్మగారూ. పోయినేడు ఈయన ఏరి ఏరి తెచ్చాడు, నా కాలేమయిందో సూడండి. దేవుడిచ్చేది దేవుడిస్తాడు. కాలు వంచాల్సింది మేం గదా."

చెవిటి జక్కరయ్యకు ఆ మాట వినపడింది. తలెత్తలేదు.

ఆ రోజే నా తుప్పు అంచు అమ్మగారి వేలు కోసింది. ఆవిడ పారేయబోతే జక్కరయ్య అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు నాలో బీపీ బిళ్లలు, నొప్పుల తైలం, ఆ సంతానం చీటీ ఉన్నాయి. మొదట్లో నన్ను మంచం మీదే పెట్టేవాడు. వానలు మొదలయ్యేసరికి పక్కన స్టూలు మీదకి మార్చాడు. ఇప్పుడు మూడడుగుల అవతల ఉంటాను. బిళ్ల కావాలంటే ఆమె గోడ పట్టుకుని నా దగ్గరకు రావాలి. తిడుతూ వస్తుంది. కొన్ని రోజులు రెండో అడుగు దగ్గరే కూలబడుతుంది. అప్పుడు అతను స్టూలు ముందుకు జరుపుతాడు. మర్నాడు మళ్లీ వెనక్కి.

పదిహేడేళ్లలో ఎవరి వాగ్దానం ఏమయిందో ఒక్కరూ వచ్చి చెప్పలేదు. వట్టి రేకుకి ఎవరు చెబుతారు? ఈ మూడడుగులు మాత్రం రూతమ్మ నా ఎదుటే నడిచింది.

రేపు కొత్త సంవత్సరం. పొద్దున తైలం రాస్తూ జక్కరయ్య అరిచినట్టే అడిగాడు.

"కుర్చీ మొయ్యను మనుషుల్ని పిలవాల్నా?"

"పిలువు. అంత దూరం నా వల్ల యాడయిద్ది? చర్చి గుమ్మం కాడ మాత్రం దించమను."

"ఎందుకే?"

"ఆ ఒక్క మెట్టూ నేనెక్కుతా."

అతను చెవిని ఆమె నోటి దగ్గరకు తెచ్చి మళ్లీ చెప్పమన్నాడు. మొదటిసారే వినపడిందని నాకు తెలుసు.