రెండు ఔన్సుల చేదు

నవంబరులో మా పెరటి మెట్ల మీద మంచు గడ్డకట్టిన రోజున ఉప్పు చల్లవలసింది నేను. చల్లలేదు. ఉప్పు సంచి తలుపు పక్కనే ఉంది. పొయ్యిలో రొట్టె మాడుతుందేమోనని వంటింట్లోనే ఉండిపోయాను. మా ఎమిల్ చెత్తబుట్ట పట్టుకొని బయటికి అడుగుపెట్టి వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం మెట్టు అంచుకు కొట్టుకుంది.

ప్రాణం దక్కింది. ఆ ఒక్క మాటే పట్టుకొని నేను పది రోజులు ఆసుపత్రిలో కూర్చున్నాను. పదకొండో రోజున ఇంటికి తెచ్చి కాఫీ కలిపి ఇస్తే, కప్పు ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"అమ్మా, ఇందులో కాఫీ వేశావా?" అన్నాడు.

పడిన అదురుకు వాసన తెలిసే నరాలు తెగిపోయాయని డాక్టరు చెప్పాడు. మళ్ళీ అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు అన్నాడు. నేను చదివింది పదో తరగతి. నరాల సంగతి నాకేం తెలుస్తుంది? అతుక్కోకపోవచ్చు అన్నదే నా చెవికి ఎక్కింది.

వేరే ఎవరికైనా అయితే కాఫీ వాసన, పూల వాసన పోయిందని ఏడ్చి ఊరుకునేవారు. మావాడి బతుకే ముక్కు మీద నడిచింది. మా ఊరు మాక్సీ చివర బెర్నడిన్ గారి చిన్న బీరు కార్ఖానాలో తొమ్మిదేళ్ళుగా బీరు కాస్తున్నాడు. ఆవిడ మంచి మనిషి. జనవరి దాకా ఆగి, తర్వాత వేరే అతన్ని పెట్టుకుంది. పెట్టుకున్న రోజు మా ఇంటికి తనే వచ్చి చెప్పింది.

"ఎమిల్, నీ చోటు మే పదిహేను దాకా ఖాయం చెయ్యను, ఎవరికీ. ఈ లోపల ఇంట్లో ఒక ఎర్ర ఏల్ కాచి తీసుకురా. బలమైనది. ఏ సాయమైనా తీసుకో, నాకు అభ్యంతరం లేదు. తాగి చూసి చెబుతాను."

ఆవిడ ఎర్ర ఏల్ ఎందుకు అడిగిందో నాకు తర్వాత తెలిసింది. వేయించిన మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ, ఎక్కువ పోసి కాచే బలమైన బీరు అది. మాల్ట్ తీపి గొంతుదాకా ఉంటుంది. దానికి సరిపడా హాప్స్ అనే తీగ పూల చేదు పడకపోతే పాకం తాగినట్టుంటుంది, ఎక్కువైతే కషాయం. ఆ రెంటినీ సరితూచడం తెలిసినవాడికే బీరు కాయడం తెలిసినట్టు.

ఫిబ్రవరిలో మావాడు ముందు మామూలు ఏల్ ఒకటి కాచి చూశాడు. పాత పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం అన్నీ వేశాడు, నాలుక మీద చుక్క కూడా వేసుకోలేదు. వాసన తెలియనివాడికి రుచి ఏం తెలుస్తుంది అని వాడి నమ్మకం. పక్కింటి హార్లన్ గారిని పిలిచి గ్లాసు చేతికిచ్చాడు. ఆయన డెబ్భై దాటినవాడు, హాప్ తోటల్లోనే ముసలివాడయ్యాడు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ఏరా, ఇది దాచిపెట్టు. నా ట్రాక్టరుకి పాత రంగు గీకించాలి, పనికొస్తుంది," అన్నాడు.

ఆయన నవ్వించాలనే అన్నాడు. ఎమిల్ కూడా నవ్వాడు. తర్వాత మొత్తం తొట్టిలో పారబోసి తన గదిలోకి వెళ్ళి నాలుగు రోజులు బయటికి రాలేదు. నేను తలుపు బయట కుర్చీ వేసుకొని కూర్చున్నాను. లోపల మంచం చప్పుడైతే బతికే ఉన్నాడని, చప్పుడు లేకపోతే లేడని అనుకుంటూ ఆ నాలుగు రోజులూ గడిపాను. నాలుగో రోజు వాడే తలుపు తీసి, "కిందటేటి హాప్స్ కన్నా ఈ ఏటివి చేదు ఎక్కువమ్మా. సంచి మీద అంకె చూసుకోలేదు," అన్నాడు. వాడి గడ్డం నిండా నెరిసిన వెంట్రుకలు అప్పుడే మొదటిసారి చూశాను.

మార్చి రెండో శనివారం ఎర్ర ఏల్ కాయడానికి గ్యాస్ పొయ్యి పెరట్లో పెట్టాడు. నన్ను పక్కన నిలబడమన్నాడు.

"గ్యాస్ కారితే నాకు తెలియదు. నువ్వే చెప్పాలి."

పొయ్యి దగ్గరే నిలబడి ప్రతి రెండు నిమిషాలకూ ముక్కు ఎగబీల్చాను. గంగాళంలో మాల్ట్ రసం మరిగింది. ఎర్రగా, కాల్చిన రొట్టె పైపెంకు వాసనతో. వాడికి చెప్పాను. వాడు తల ఊపి పుస్తకంలో రాసుకున్నాడు.

ఇక చేదు వేసే సమయం. హాప్ పూలను నూరి గుళికలుగా ఒత్తి సంచుల్లో అమ్ముతారు. ఆ రోజు బల్ల మీద రెండు సంచులు ఉన్నాయి. ఒక దాని మీద పదమూడు అని, ఇంకో దాని మీద నాలుగు అని అంకె. అంకె ఎంత పెద్దదైతే చేదు అంత. పదమూడు అంకె సంచిలోంచి రెండు ఔన్సులు తూచి గిన్నెలో పోశాడు ఎమిల్.

"నురగ దిగగానే ఇవి వెయ్యమ్మా. నేను నీళ్ళ గొట్టం తెచ్చి తగిలిస్తాను," అని షెడ్డు వైపు వెళ్ళాడు.

గిన్నె నా చేతిలో ఉంది. పదమూడు అన్న అంకె నన్నే చూస్తోంది. ఇరవై రెండు శరత్కాలాలు నేను ఇక్కడి తోటల షెడ్డుల్లో కదిలే పట్టీ ముందు నిలబడి హాప్ పూలలోంచి ఆకులు, కాడలు ఏరాను. వాసన చూసి ఏ తోట పూలో చెప్పగలను. చేదు లెక్క మాత్రం ఎప్పుడూ నా పని కాలేదు. నాకు కనబడింది ఒక్కటే. ఫిబ్రవరి చేదు, ఆ మూసిన తలుపు, ఆ కుర్చీ. ఈసారి తలుపు తెరుచుకోకపోతే?

గిన్నెలోవి తిరిగి సంచిలో పోసేశాను. నాలుగు అంకె సంచిలోంచి రెండు ఔన్సులు తూచి గంగాళంలో వేశాను. గుళికలు రెండూ ఒకటే పచ్చగా, కుందేలు మేతలా ఉంటాయి. వాడు తిరిగి వచ్చేసరికి అవి కరిగిపోయాయి.

"వేశావా?"

"వేశాను."

అబద్ధం కాదు. కానీ ఆ రోజునుంచీ నాకు తిండి సయించలేదు.

పులియడానికి ఈస్ట్ కలిపిన రసాన్ని పెద్ద గాజు సీసాలో పోసి బట్టలగదిలో పెట్టాడు. సీసా పగులుతుందేమోనని నేను దానికి రెండు దుప్పట్లు చుట్టాను. వాడు విప్పేశాడు. నేను మళ్ళీ చుట్టాను. అయిదు వారాలు ఇలాగే గడిచాయి.

ఏప్రిల్ మూడో ఆదివారం చర్చి నుంచి వచ్చాక హార్లన్ గారిని మళ్ళీ పిలిచాడు. మూడు గ్లాసుల్లో పోశాడు. రంగు చూస్తే నా గుండె నిండింది, కరిగించిన రాగిలా ఉంది. తాగితే ఆ నిండినదంతా జారిపోయింది. జిగురు, తీపి. నాలుక పెదవులకు అతుక్కుంది.

హార్లన్ గారు గ్లాసు కింద పెట్టాడు. ఈసారి ఆయన జాగ్రత్తగా మాట్లాడాడు, దానికే నాకు భయం వేసింది.

"బాగుందిరా. మెత్తగా ఉంది."

"నిజం చెప్పండి."

"పాన్‌కేకుల మీద పాకంలా పోసుకుంటే ఇంకా బాగుంటుంది."

ఎమిల్ గ్లాసు వైపు చూశాడు. తర్వాత, పడిన నాటి నుంచి ఒక్కసారీ చెయ్యని పని చేశాడు. గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పోసుకొని, మింగకుండా నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. మింగాడు. ఇంకో గుక్క తీసుకున్నాడు. నేను బల్ల కింద చేతులు పట్టుకున్నాను.

"తీపి తెలుస్తోంది," అన్నాడు మెల్లగా. "వాసన లేదు. మాల్ట్ అని తెలియదు, కాల్చిందని తెలియదు. కానీ తీపి తెలుస్తోంది. చేదు కోసం వెతుకుతున్నాను. అది లేదు."

"నీకు తెలియడం లేదేమోరా," అన్నాడు హార్లన్ గారు.

"కాదు. పొద్దున బ్లాక్ కాఫీ చేదుగానే ఉంది. నాలుకకు తగిలేది వేడే అనుకున్నాను ఇన్నాళ్ళూ." వాడు నా వైపు తిరిగాడు. "అమ్మా. పదమూడు సంచిలో రెండు ఔన్సులు పడితే ఇలా ఉండదు. నువ్వేం వేశావు?"

చెప్పేశాను. గిన్నె, సంచి, అంకె, అన్నీ. హార్లన్ గారు టోపీ తీసుకొని లేవబోతే ఎమిల్ ఆయన్ను కూర్చోమన్నాడు. నేను ఆపుకోలేకపోయాను. "మెట్ల మీద ఉప్పు కూడా నేనే చల్లలేదురా," అన్నాను. అయిదు నెలలుగా గొంతులో ఉన్న మాట అది.

"దాని గురించి ఇప్పుడు వద్దమ్మా," అన్నాడు. కోపంగా కాదు. ప్రేమగానూ కాదు. వాడి మనసు గ్లాసు మీద ఉంది.

లేచి చిన్న గిన్నెలో పలచటి మాల్ట్ రసం పెట్టి అందులో పదమూడు అంకె హాప్స్ వేశాడు. గంటసేపు మరగనిచ్చి, వడకట్టి చల్లార్చాడు. నల్లటి చేదు కషాయం. బల్ల మీద వరసగా ఏడు గ్లాసులు పెట్టి ఎర్ర ఏల్ సమంగా పోశాడు. నా చెవి మందు చుక్కల గొట్టం కడిగి, మొదటి గ్లాసులో నాలుగు చుక్కలు, రెండో దాంట్లో ఎనిమిది, అలా పెంచుకుంటూ పోయాడు. ఒక్కొక్కటీ నాలుక మీద వేసుకొని, మధ్యలో నీళ్ళు పుక్కిలించాడు.

"నువ్వు వాసన చూసి చెప్పు," అన్నాడు నాతో. "తాగకు. వాసన ఒక్కటే."

"నాకెందుకురా ఇప్పుడు ఈ..."

"అమ్మా. చూడు."

చూశాను. మూడో గ్లాసు ఇంకా రొట్టె పెంకులాగే ఉందని చెప్పాను. నాలుగో దాంట్లో నారింజ తొక్క మెల్లగా లేస్తోంది. ఆరో దాంట్లో పైన్ చెట్టు బంక. ఏడోది, ఆ బంక చేతికంటితే వారం దాకా పోదే, అచ్చం అలా. వాడు అన్నీ రాసుకున్నాడు. అయిదో గ్లాసు దగ్గర రెండుసార్లు ఆగాడు.

"ఇందులో తీపి ముందు వచ్చి కూర్చుంటోంది. చేదు వెనకాల వచ్చి చాల్లే లెమ్మంటోంది," అన్నాడు. "నీకేమొస్తోంది?"

"మీ నాన్న హాప్ కోత రోజుల్లో ఇంటికొచ్చినప్పటి చొక్కా," అన్నాను. అంతకన్నా సరైన మాట నా దగ్గర లేదు. వాడు అది కూడా రాసుకున్నాడు.

హార్లన్ గారు అయిదో గ్లాసు తీసుకొని ఏమీ అనకుండా అడుగుదాకా తాగాడు. ఆయన ఏమీ అనకపోవడం మా వీధిలో ఎవరూ చూడలేదు.

ఆ లెక్కన కషాయాన్ని పెద్ద సీసా మొత్తానికి పెంచి కలిపాడు. నురగ రావడానికి చక్కెర వేసి చిన్న సీసాల్లో నింపాడు. అవి పేలతాయేమోనని వాటిని పెట్టెల్లో పెట్టి మీద బరువులు పెట్టాను. ఈసారి వాడు తీసెయ్యలేదు.

మే పద్నాలుగున మేము కార్లో కార్ఖానాకు వెళ్ళాం. నేను లోపలికి రానన్నాను. కార్ఖానా అద్దంలోంచి బెర్నడిన్ గారు గ్లాసు ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం కనబడింది. ఎమిల్ ఏదో చెబుతున్నాడు, పుస్తకం తెరిచి చూపిస్తున్నాడు. ఆవిడ నవ్వలేదు. ఇక అయిపోయింది అనుకొని నేను ఇంటికెళ్ళే దారిలో వాడితో ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను.

వాడు వచ్చి పక్కన కూర్చొని బెల్టు పెట్టుకున్నాడు. ఖాళీ సీసా ఒళ్ళో ఉంది.

"కొత్తతను వాసన చూస్తాడట. చేదూ తీపీ నా మీద వదిలింది. మూడు నెలలు చూస్తానంది. సోమవారం ఆరింటికి రమ్మంది."

"మూడు నెలల తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

కారు తాళం తిప్పాను. తోటల మధ్య దారిలో కొత్త హాప్ తీగలు తాళ్ళ మీదికి పాకుతున్నాయి. చాలా దూరం వచ్చాక వాడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"ఆ రోజు మెట్ల మీద మంచు నాకూ కనబడిందమ్మా. ఉప్పు సంచి నాకూ కనబడింది."

దారి సరిగ్గా కనబడక కారు నెమ్మదిగా నడిపాను. సోమవారం నుంచి వాడు మళ్ళీ కార్ఖానా తడి గచ్చు మీద నడుస్తాడు, మరిగే గంగాళాల పక్కన. అక్కడ గ్యాస్ కారితే వాడికి చెప్పేది ఎవరు? ఇంటికి వెళ్ళగానే బెర్నడిన్ గారికి ఫోన్ చేసి, ఆ కొత్తతని పేరేమిటో కనుక్కోవాలి.