మోకాళ్ల కింద ఎర్రటి గడ్డలు

మెక్నెస్ ఊళ్లో మా హమ్మాంలో, అంటే ఆవిరిస్నానాల ఇంట్లో, ఆడవాళ్లకు ఒళ్లు రుద్దడం నా పని. ఇరవై ఏళ్లుగా ఒకటే కట్టుబాటు. ఆవిరిగదిలో చూసింది అక్కడే వదిలెయ్యాలి. పేట మొత్తం నా చేతికి ఒళ్లప్పగించేది ఆ నమ్మకంతోనే.

ఆ గురువారం లాల్లా బతూల్ తన కాబోయే కోడలు ఇల్హామ్‌ను పెళ్లిస్నానానికి తీసుకొచ్చింది. స్నానమయ్యాక గోరింట పెడతారు. ఆపైన పెళ్లయ్యేదాకా, వారం రోజులు, పిల్ల గడప దాటకూడదు.

నల్లసబ్బు పట్టిస్తూ కాళ్ల దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. రెండు మోకాళ్ల కిందా రేగుపళ్లంత ఎర్రటి గడ్డలు. వేలు ఆనించగానే పిల్ల పళ్లు బిగబట్టింది.

"దోమలు పిన్నీ," అంది.

"దోమ కుడితే దురద పెడుతుంది, ఇలా ప్రాణం పోయేంత నొప్పి పుట్టదు. కడుపెలా ఉందే?"

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "రెండు నెలలుగా విరేచనంలో నెత్తురు పడుతోంది. అమ్మక్కూడా చెప్పలేదు. నీకు పుణ్యముంటుంది, నోరెత్తకు."

మా చెల్లెలు సఫియాకూ ముందు వచ్చినవి ఈ గడ్డలే. వేడి చేసిందని ఏడాదిపాటు గోరింట పూశాం, నేనే పూశాను. పేగుకు చిల్లు పడ్డాక ఆస్పత్రికి పరుగెత్తాం. "కాళ్లు ముందే చెప్పాయి కదమ్మా," అన్నాడు డాక్టరు. సఫియా ఇంటికి తిరిగి రాలేదు.

"రేపు నాతో ఆస్పత్రికి రా."

"గోరింట పెట్టేశాక ఎలా వస్తాను? పెళ్లయ్యాక చూద్దాంలే."

"అత్తారింట్లో ఎవరితో చెప్పుకుంటావు, నీ మొహం?"

అటు చివరి బండ మీద నుంచి లాల్లా బతూల్ నన్ను పేరుపెట్టి కేకేసింది. "ఏం తామూ, మా పిల్ల ఒళ్లెలా ఉంది? మచ్చా గిచ్చా లేవుగా?"

చెబితే పిల్ల పెళ్లి పోతుంది. చెప్పకపోతే పిల్లే పోతుంది. ఇల్హామ్ గోళ్లు నా చేతిలో దిగుతున్నాయి.

"కాళ్ల నిండా గడ్డలున్నాయి లాల్లా. కడుపులో జబ్బుంది. గోరింట ఆపి డాక్టరుకు చూపించండి," అన్నాను, గదంతా వినేలా.

లాల్లా బతూల్ గోరింట బుట్ట తీసుకుని, పిల్ల వైపు చూడకుండా వెళ్లిపోయింది.

"నన్ను నిలువునా ముంచావు కదే," అని ఇల్హామ్ నా మొహాన ఉమ్మింది. తుడుచుకుని, ఏడుస్తున్న ఆమె కాళ్ల మీద సబ్బు మెల్లగా కడిగాను. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇద్దరం బయటి గదిలోకి రాగానే హమ్మాం యజమానురాలు దారికడ్డంగా నిలబడింది. "ఇకమీద నీ చేతికి ఎవరు ఒళ్లిస్తారే? రేపట్నుంచి రాకు."

"రేపు ఎలాగూ రాను. ఈ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి."

గోడవైపు తిరిగి ఏడుస్తున్న ఇల్హామ్, రానని మాత్రం అనలేదు.